గ్లాసులో చెంచా

"ఆ గిన్నె నువ్వు దించుతావా, నన్ను దించమంటావా?" అంటూ తెమెలీనా తను తెచ్చిన నల్లబట్టల మూటని వంటింటి బల్ల మీద దభీమని పడేసింది. "మనిషి పోయిన కొంపలో తీపి వండుతారా అమ్మా! వీధంతా నారింజ పాకం వాసనే. జనం నోళ్లు నొక్కుకుంటున్నారు."

"ఎవరే పోయింది?" అంది అనెజూలా, పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే. "జరుగు, పాకం ముదురుతోంది."

"నీ కొడుకే! పొతిటోస్! స్పాంజీలు కోసుకురావడానికి సముద్రం అడుక్కి దిగినవాడు మళ్లీ పైకి రాలేదని పడవవాళ్లంతా సిలువ మీద ఒట్టేసి చెప్పారు కదా!"

"శవాన్ని చూశారా?"

తెమెలీనా ఇక తల్లితో వేగలేక తమ్ముడి భార్య మీదికి తిరిగింది. సెవాస్తి బల్ల దగ్గర కూర్చుని పాకంలో వేసేందుకు నారింజ తొక్కల్ని చుట్టలు చుట్టి, సూదితో దారానికి గుచ్చుతోంది. ఎత్తుగా ఉన్న పొట్ట బల్ల అంచుకి ఆనుతోంది.

"నువ్వైనా చెప్పవేం? నెలలు నిండినదానివి, పూల గౌను వేసుకుని తొక్కలు గుచ్చుతున్నావు! పాదిరిగారితో మాట్లాడాను. ఆదివారం ప్రార్థన పెట్టించి, పోయినవాడి పేర గోధుమలు ఉడికించి పంచాలి. మీరిద్దరూ నల్లబట్టలు కట్టాలి."

"వాడు రోజూ వస్తుంటే నల్లబట్టలెందుకే?" అంది అనెజూలా. "దీపాలవేళ వాడి పళ్లెంలో పాకం తొక్క, పక్కన గ్లాసుడు నీళ్లు పెడతాను. తెల్లారేసరికి తొక్క ఉండదు, నీళ్లుండవు. చెంచా గ్లాసులో ఉంటుంది. వాడు చెంచా ఎలా పడేస్తాడో నీకు తెలీదా? ఒరే, గ్లాసు పగులుతుందిరా అని ఎన్నేళ్లు మొత్తుకున్నానో!"

"బతికున్నప్పుడే వాడు తీపి ముట్టేవాడు కాదు! తన వాటా పెళ్లాం నోట్లో పెట్టి, ఉత్త నీళ్లు తాగి లేచేవాడు. ఇప్పుడొచ్చి తింటున్నాడా?" తెమెలీనా గబగబా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. "ఆదివారం వస్తాను. ఆ బట్టలు కట్టుకుని కనబడ్డారా, సరే. లేదంటే ఇక ఈ గుమ్మం తొక్కను."

తలుపు వేసిన విసురుకి గోడ మీది గరిటెలు ఊగాయి.

అనెజూలాకి పిచ్చెక్కిందని ఊరు తీర్మానించేసింది. ఊరిదేం పోయింది! పిల్లలు ఆ ఇంటి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే పరుగెత్తుతున్నారు. పెద్దవాళ్లు పరుగెత్తరు గానీ, అడుగు మాత్రం పెద్దదే వేస్తారు.

కానీ పళ్లెంలో తొక్క తింటున్నదెవరో సెవాస్తికి తెలుసు. తనే. మొదటి రోజు పొద్దున్నే తొక్క పళ్లెంలో అలాగే ఉండడం చూసింది. ఇది చూస్తే ముసలావిడ గుండె ఆగిపోతుందని భయపడి, వేళ్లతో తీసి గబుక్కున నోట్లో వేసుకుంది. రొట్టె ముక్క కూడా గొంతు దిగని రోజులవి. ఆ చేదుతీపి మాత్రం దిగింది. ఆ వెనకే ఆకలి కూడా వేసింది. అప్పట్నుంచి రోజూ అదే పని. చచ్చిపోయినవాడి నోటి దగ్గరిది దొంగిలిస్తున్నట్టు సిగ్గుపడుతూనే తినేది.

ఇక చెప్పేయాలి. చెప్తే ముసలావిడ తట్టుకోగలదా? చెప్పకపోతే ఆదివారంతో కన్నకూతురు కూడా దూరమైపోతుంది.

చీకటి పడుతోంది. అనెజూలా పళ్లెంలో కొత్త పాకం తొక్క ఒకటి వేసి, పక్కన చెంచా పెట్టి, గ్లాసు నిండా నీళ్లు పోసి ముందుగదిలో పెట్టి వచ్చింది.

"అత్తయ్యా, ఒక మాట చెప్తాను. తిట్టినా పడతాను." సెవాస్తి సూది పక్కన పెట్టింది. "ఆయన రావడం లేదు. అది తింటున్నది నేనే."

అనెజూలా గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది.

"తెలుసు."

"తెలుసా?"

"వాడు లేడన్న సంగతీ తెలుసు పిల్లా. పడవ రేవుకి వచ్చినప్పుడు వాళ్ల మొహాలు చూడగానే తెలిసింది. కానీ నువ్వు అన్నీ మానేసి మంచానికి అతుక్కుపోయావు. తినమంటే ఏడ్చావు. నీ కోసం తినవు, బిడ్డ కోసమన్నా తినలేదు. ఈ పిచ్చిముండ కోసమైనా తింటావేమోనని..." గరిటె గిన్నె అంచుకి ఆనించింది. "వాడిదంటూ నాకు మిగిలింది ఆ కడుపులోదే కదే."

సెవాస్తి లేచి వెళ్లి అత్తగారి మెడ మీద తల వాల్చింది. పొట్ట అడ్డం వచ్చి ఇద్దరూ సరిగ్గా కావలించుకోలేకపోయారు. ఏడుపులోనే నవ్వొచ్చింది. సముద్రం మింగిన మనిషి కోసం ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు.

"ఆదివారం కట్టుకుందాం లే ఆ బట్టలు," అంది అనెజూలా కళ్లు తుడుచుకుంటూ. "అంతా బాగానే చేశావు గానీ అమ్మాయ్, నీళ్లు తాగేసి చెంచా గ్లాసులో పడెయ్యడం ఎందుకు? అచ్చం వాడిలాగే! పొద్దున్నే అది చూస్తే నా ప్రాణం విలవిల్లాడిపోయేది."

సెవాస్తి తలెత్తింది.

"నేను చెంచా ముట్టుకోలేదు అత్తయ్యా. వేళ్లతోనే తిన్నాను. పోయినవాళ్ల కోసం పెట్టిన నీళ్లు నేనెలా తాగుతాను? నేను లేచేసరికే గ్లాసు ఖాళీగా ఉండేది, చెంచా అందులో ఉండేది. తొక్క మాత్రం అలాగే ఉండేది. నీళ్లు మీరే తాగుతున్నారనుకున్నాను."

"నేనా?" అంది అనెజూలా.

పొయ్యి మీద పాకం పొంగుతోంది. గిన్నె దించాలని ఇద్దరికీ తోచలేదు.

అప్పుడే, ఎవరూ లేని ముందుగదిలో, గాజుగ్లాసులో చెంచా ఠంగుమని పడింది.