గ్యాసురాయి ఉన్న అర్ర

తలుపు మూసుకుంది. బయట తాళం పడింది.

కిటికీ లేని అర్ర. మిట్టమధ్యాహ్నమైనా లోపల తన చెయ్యి తనకే కనిపించడం లేదు. బిక్షమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. రవిక పాలతో తడిసి ముద్దయింది. మూడు నెలల పసివాడిని తెల్లవారకముందే పక్కింటి సోమమ్మకు అప్పగించి వచ్చింది. అప్పటి నుంచి వాడికి పాల చుక్క లేదు.

దొర గడీలో పెండ్లి. తిరుమలగిరి చుట్టుపక్కల ఊళ్లన్నీ వెట్టికి వచ్చాయి. పసుపు దంచుతున్న బిక్షమ్మ, పిల్లవాడికి పాలిచ్చి వద్దామని గోడ దాటబోయి దొరికిపోయింది. అడ్డం వచ్చిన అత్త బక్కమ్మను కూడా ఆమెతోపాటే ఈ అర్రలోకి తోశారు. పెండ్లయ్యేదాకా, అంటే మూడు రోజులు, ఇద్దరూ ఇక్కడే.

"అత్తా, పోరడు బతకడే."

"ఏడ్వకు. జర ఆలోచించనియ్యి."

తలుపు మూసే ముందు ఇద్దరూ చూశారు. గోడ పొడుగునా మిరపకాయలు, వెల్లుల్లి, అల్లం, ఇంకా వంట సామాను మూటలు. తలుపు పక్కన తాగడానికి కాసిన్ని నీళ్లున్న చెంబు. మూలన రేకు డబ్బా. ఊరేగింపు దీపాలకు తెప్పించిన గ్యాసురాయి అందులోనే ఉంది. ఆ రాయి మీద నీటి చుక్క పడితే గ్యాసు పుడుతుంది. గ్యాసు మండితే పట్టపగలులాంటి వెలుగు.

ఆ వెలుగును నెత్తిన పెట్టుకుని బక్కమ్మ భర్త గాలయ్య ఇరవై ఏళ్లు ఊరేగింపుల ముందు నడిచాడు. నిరుడు ఎట్లాగో డబ్బాలోకి తడి చేరింది. అది తెలియక నోట్లో చుట్టతోనే మూత తీశాడు. కాలిన ఒంటితో పదిహేను రోజులు ఉండి పోయాడు.

బక్కమ్మ చీకట్లో తడుముకుంటూ వెళ్లింది. ఏదో వెతుకుతున్న అలికిడి. ఆ తర్వాత చెంబు అడుగుతో నలగ్గొడుతున్న చప్పుడు. రాయిని పొడి చేస్తోందనుకుంది బిక్షమ్మ. నీళ్లు ఒలికిన శబ్దం వినగానే ఆమె కాళ్లు ముడుచుకుని గోడకు అతుక్కుపోయింది. ఘాటైన వాసన అర్రంతా కమ్ముకుంది.

"అత్తా! ఏం జేస్తున్నవ్? మామ ఎట్ల పోయిండో మరిశిపోయినవా?"

"మరిశిపోలేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకో. కదలకు."

బిక్షమ్మ కదల్లేదు. కాలి కడియం నేలబండకు తగిలితే రవ్వ లేస్తుందేమోనని మడమలు పైకెత్తి కూర్చుంది. పీల్చే ప్రతి గుక్కలోనూ నిప్పు దాగి ఉన్నట్టే అనిపించింది. పిల్లవాడి ముఖం గుర్తు తెచ్చుకుందామంటే మామ కాలిన ముఖమే కళ్ల ముందుకొచ్చింది.

బక్కమ్మ కొంగుతో తలుపు సందు వైపు విసిరింది. తర్వాత గట్టిగా పిలిచింది.

"ఎల్లేశం! చుట్ట ఆర్పు కొడుకా!"

"ఏందే అవ్వా నీ లొల్లి?" బయట కావలి కూర్చున్న ఎల్లేశం విసుక్కున్నాడు.

"గ్యాసురాయి మీద నీళ్లు పడ్డయి. అర్ర నిండుతాంది. నమ్మకుంటే వాసన చూడు."

ఎల్లేశం సందుకు ముక్కు ఆనించాడు. గాలయ్య డబ్బా పేలిన రోజు అతను పది అడుగుల దూరంలోనే ఉన్నాడు.

"గదే వాసన," అన్నాడు. చుట్టను కాలి కింద వేసి నలిపిన చప్పుడు లోపలికి వినిపించింది.

"ఒక్క రవ్వ సాలు. పక్కన వంట పొయ్యిలు మండుతున్నయి. గడీ మొత్తం లేస్తది."

"తాళం తీస్తే దొర నా తోలు తీస్తడు."

"తియ్యకుంటే నీకు తోలు మిగుల్తదా?"

బయట ఎల్లేశం లేచిన అలికిడి. తర్వాత తాళంచెవి గలగలలాడింది.

"మెల్లగ! ఇనుము ఇనుముకు కొట్టుకోనియ్యకు!" అరిచింది బక్కమ్మ.

తాళం కిర్రుమంటూ తిరుగుతుంటే బిక్షమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. తలుపు తెరుచుకుంది. వాసన ముఖానికి కొట్టగానే ఎల్లేశం వంటశాల వైపు పరుగెత్తాడు.

"గ్యాసు! గ్యాసు! పొయ్యిలు ఆర్పుండ్రి!"

గడీ అల్లకల్లోలమైంది. వంటవాళ్లు గంటెలు పారేశారు. చుట్టాలు చెప్పులు వదిలేసి పరుగు తీశారు. దొర ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. అత్తాకోడళ్లు పెరటి దర్వాజా దాటుతుంటే ఆపేవాళ్లే లేరు.

సోమమ్మ ఇంట్లోంచి పిల్లవాడిని ఎత్తుకుని ఆగకుండా నడిచారు. పొలిమేర దాటాక జొన్నచేనులో కూర్చున్నారు. బిక్షమ్మ పిల్లవాడిని రొమ్ముకు అదుముకుంది. మొదట వాడికి చప్పరించే ఓపిక కూడా లేదు. కాసేపటికి గుటక పడింది. ఇంకొకటి. ఆమెకు అప్పుడు ఏడుపొచ్చింది.

"అత్తా, గంత గ్యాసు పీల్చి ఎట్ల బతికినమే? నువ్వు గా డబ్బా మూత తీసినప్పుడే సచ్చినమనుకున్న."

బక్కమ్మ అరచేతులు మట్టితో రుద్దుకుంటోంది.

"గా డబ్బాను నేను ముట్టనే లేదు పిల్లా, నలగ్గొట్టింది పెండ్లి వంటకు దెచ్చిన, అచ్చం గ్యాసు వాసనే కొట్టే ఎల్లిగడ్డలను."