ఒక మనిషికి ఒకే ఫీజు

కౌంటర్ వెనక అమ్మాయి డబ్బును తిరిగి ఇటు తోసేసింది.

"మీ ఫీజు తీసుకోవడం కుదరదు బాబాయ్."

ఫంగ్ షూలాం గుమ్మంవైపు చూశాడు. హాంకాంగ్ చైనా చేతికి వెళ్ళి పట్టుమని నెల కాలేదు. అప్పుడే దొరికిపోయాడు!

"ఎందుకు కుదరదు?" పక్కనున్న భార్య మేయ్‌కూన్ గయ్యిమంది. "దొరలు పోయినా పాస్‌పోర్టు ఫీజు పెంచలేదని టీవీలో చెబితేనే కదా పరుగెత్తుకొచ్చాం! రేపు పెంచరని నమ్మకమేమిటి?"

"పెంచలేదు ఆంటీ. కానీ ఒక మనిషి దగ్గర ఒక్కసారే కట్టించుకోమన్నారు. ఈయన ఫీజు ఇందాకే ఎవరో కట్టేశారు."

"ఎవరు?"

"అదే అర్థం కావడం లేదు. పేరు ఇదే, పుట్టినరోజు ఇదే, చైనాలో సొంతూరూ ఇదే. కార్డు నంబరొక్కటే వేరు. ఉండండి, ఆఫీసర్ని పిలుస్తాను."

షూలాం డబ్బు తీసి జేబులో కుక్కుకున్నాడు. నిజానికి ఆ పేరు అతనిది కాదు. పాతికేళ్ళ కిందట చైనా సైనికుల కళ్ళుగప్పి, స్నేహితుడితో కలిసి సముద్రంలో ఈదుకుంటూ హాంకాంగ్‌కి బయల్దేరాడు. సగం దూరంలో స్నేహితుడు అలల కింద మునిగి మళ్ళీ కనబడలేదు. అప్పటికే తన కోసం చైనా పోలీసులు వెతుకుతున్నారు. అందుకని ఒడ్డెక్కాక పోయినవాడి పేరూ పుట్టినరోజూ చెప్పుకుని బతికాడు. కట్టుకున్నదానికి కూడా నిజం చెప్పలేదు. ఇంగ్లీషువాళ్ళు ఆరా తీయలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఊరికి ఒక్క ఫోను చేస్తే చాలు, తన పని అయిపోతుంది.

"పద, వెళ్ళిపోదాం," అన్నాడు.

"మీకేమైనా మతిపోయిందా? ఎవడో దొంగవెధవ మీ పేరు వాడుకుంటుంటే నోరు మూసుకుని పోతామా? వాడి అంతు చూడాల్సిందే!"

దొంగ అన్న మాటకి షూలాం చుట్టూ చూశాడు. ఆమె చెయ్యి విడిపించుకుని గుమ్మంవైపు నడవబోయాడు. ఈలోగా ఆఫీసరు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"కంగారుపడకండి. ఫీజు కట్టినాయన రసీదు కోసం ఇంకా ఇక్కడే ఉన్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఇప్పుడే తేల్చేద్దాం."

తనని పట్టుకోవడానికే ఎవణ్ణో ఆ పేరుతో పంపించి ఉంటారు. ఇంకెక్కడికి పారిపోతాడు? షూలాం తల వంచుకుని నిలబడిపోయాడు.

అడుగుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది.

"ఈయన మీకు తెలుసా?" ఆఫీసరు అడిగాడు.

వచ్చినవాడు వంగి షూలాం మొహంలోకి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత అతని రెండు భుజాలూ పట్టుకుని, ఈ ఒడ్డున ఎవరూ ఎరగని పేరుతో ఆఫీసంతా వినబడేలా కేకపెట్టాడు.

"ఒరేయ్ కింహో! నువ్వూ మునిగిపోలేదట్రా!"