డైరీలో లేని సీరియల్

"ఇది మూడోసారి" అన్నారు మాస్టారు, అమ్మాయి చేతిలోంచి ఫోన్ తీసుకుని బల్ల మీద పెడుతూ.

పరాయి దేశపు భాష నేర్చుకోవడానికి తన వెంట ఇక్కడికి వచ్చిన పన్నెండు మందికీ ఆయన పెట్టిన నియమం ఒకటే. ఈ ఆరు వారాలూ ఇక్కడి టీవీ, ఇక్కడి రేడియో, ఇక్కడి మాట. రోజూ సాయంత్రం బస ఇచ్చిన ఇంటివాళ్ళ పక్కన కూర్చుని టీవీ చూడాలి. చూసింది డైరీలో రాయాలి. తెలుగు వింటూ మూడుసార్లు దొరికితే కోర్సులోంచి పేరు తీసేస్తారు. పేరు పోతే తిరుగు ప్రయాణమే.

"నీ డైరీ రెండో వారంలో ఆగిపోయింది. ఎందుకని?"

"అప్పట్నుంచీ టీవీ పెట్టట్లేదండీ."

"ఇంటావిడ ఏమీ అనలేదా?"

"ఆవిడే వద్దన్నారు."

"బాగుంది. ఆ పెద్దావిడ మీదకి తోసెయ్."

ఫోన్లో ఇందాక అమ్మాయి వింటున్న మెసేజ్‌ని ఆయన నొక్కారు. ఒక ముసలావిడ గొంతు.

"తిన్నావా తల్లీ? చలిగా ఉంది. స్వెట్టర్ కుర్చీ మీదే మర్చిపోయావు. త్వరగా వచ్చెయ్. ఈ ఇంటి పరువు నీ చేతుల్లో ఉంది."

మాస్టారు ఇంకోసారి విన్నారు. నిరుటిదాకా ఆయన్నీ స్వెట్టర్ గురించి అడిగే మనిషి ఒకరుండేవారు.

"అమ్మమ్మా?"

"చెప్తే నమ్మరు మాస్టారూ."

"నమ్మకేం. ఇలా బెంగ పెట్టుకుంటే చదువు సాగదమ్మా."

అమ్మాయి తల దించుకుంది. ఆయన కాగితం మీద ఆమె పేరు రాశారు. రాసిన పేరు కేసి కాసేపు చూశారు. సంతకం పెట్టేముందు ఇంటావిడకు ఒక మాట చెప్పడం మర్యాద. మొదటి రోజు ఆ ఇంటికి వెళ్ళి ఆయనే స్వయంగా మాట్లాడి వచ్చారు. ఆవిడకు తన భాష తప్ప ఇంకో ముక్క రాదని తేలాకే అమ్మాయిని అక్కడ ఉంచారు.

ఆఫీసు ఫోన్ అందుకున్నారు. ఆవిడ భాషలో వాక్యం మనసులోనే రెండుసార్లు సరిచూసుకుని, నెమ్మదిగా చెప్పారు. అమ్మాయి మీ ఇంట్లో ఏమీ నేర్చుకోలేదు, వెనక్కి పంపేస్తున్నాం.

అవతలి నుంచి, ఇందాక రెండుసార్లు విన్న గొంతే తెలుగులో పలికింది.

"ఈ మాట వినడానికేనా నేనింకా బతికున్నది? పిల్లనీ, ఆ ఫోన్నీ పంపించండి అల్లుడుగారూ, సీరియల్ టైమైంది."