ముఫత్ సాఫ్ట్‌వేర్

“నీ ముఫత్ సాఫ్ట్‌వేర్ పొద్దున నా తమ్ముని వేళ్లు తిన్నది. ఇగ నీ చెయ్యి పెట్టు.”

పెద్దరాములు ముకుంద్ చేతిని మెలితిప్పి రేకులు నొక్కే ప్రెస్సు కిందికి తోశాడు. కాలు పెడల్ మీద ఆనించాడు. ఎవరైనా ఊరికే వాడుకోగల రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అంటే మిషన్‌ను రెప్పపాటులో ఆపగల సాఫ్ట్‌వేర్‌ను, కంట్రోల్ బోర్డులోకి ఎక్కించి, ఈ పటాన్‌చెరు షెడ్డులో ప్రెస్సుకు బిగించింది ముకుందే.

“నిన్నటిదాంక మంచిగనే ఆగింది గదన్నా,” అన్నాడు ముకుంద్, పగిలిన పెదవి నుంచి నెత్తురు కారుతుండగా. “చెయ్యి కనబడంగనే ఆగుతది. కన్ను లెక్క సెన్సార్ ఉన్నది పైన, సూడు.”

పెద్దరాములు తలెత్తాడు. సెన్సార్ అద్దం నిండా కుంకుమ మెత్తి ఉంది.

పెడల్ మీది కాలు మెల్లగా వెనక్కి వచ్చింది. నిన్న ఆయుధపూజలో మిషన్లన్నిటికీ బొట్లు పెట్టింది తనే. తమ్ముడు పనిచేసే మిషనని దీనికి కాస్త పెద్దదే పెట్టాడు.