అరవై ఒకటో తేడా

అరవై ఒక్క తేడాల్లో అరవై తేలిపోయాయి. చివరిది మొండికేసి కూర్చుంది.

ఆసుపత్రి లిఫ్టులను నడిపించే సాఫ్ట్‌వేర్ అది. ప్రోగ్రాం రాయడానికి ముందు దాని నమూనాను పెట్టెలుగా, బాణాలుగా గీసుకుంటారు. ఒకే నమూనాను రెండు టీములు ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకుంటూ పోయాయి. ఇప్పుడు ఆ రెండింటినీ కలిపి ఒకటి చేయాలి.

అందుకోసం రెండు టీములకూ పైనున్న లీడర్ ఒక ఓపెన్ సోర్స్ టూల్ తెచ్చుకుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. రెండు నమూనాలనూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోటల్లా ఎర్రగా చూపిస్తుంది. ఏది ఉంచాలో నొక్కితే కలిపేస్తుంది.

ఏది ఉంచాలో మాత్రం అది చెప్పదు.

చివరి తేడా ఇది: కరెంటు పోతే లిఫ్టు ఏం చేయాలి? బ్యాటరీతో కింది అంతస్తు దాకా దిగి తలుపు తెరవాలని ఒక టీములోని గడ్డం ఇంజనీరు పట్టు. దగ్గరి అంతస్తులోనే ఆగి తెరవాలని రెండో టీములోని కళ్లజోడు ఇంజనీరు పట్టు. రెండు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. నమూనా ఆ రోజే ఆసుపత్రికి పంపాలి.

ఆ టూల్ తయారుచేసినవాళ్లలో ఒకాయన ఆ పొద్దున వచ్చి సాయం చేస్తానన్నాడు. పదింటికి భుజాన సంచీతో ఒక పెద్దాయన గుమ్మంలో కనబడగానే లీడర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆయన నోరు తెరిచేలోపే కుర్చీ లాగి, తెర ముందు కూర్చోబెట్టి, గొడవంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

ఆయన తెర మీది పెట్టెలన్నిటి వెంటా వేలు పోనిచ్చాడు.

“ఈ గీతలు నాకంతగా తెలియవమ్మా. ఇందులో మనిషెక్కడున్నాడు?”

గొప్పవాళ్లు ఇలాగే మాట్లాడతారనుకుంది లీడర్. వెతికింది. మోటారుంది, బ్యాటరీ ఉంది, తలుపుంది. మనిషి లేడు.

కిందికి దిగితే బయటికి దారి సులువు కదా అన్నాడు గడ్డం ఇంజనీరు.

“చీకట్లో కదులుతుంటే, దిగుతోందో పడిపోతోందో లోపలివాడికి తెలియదు బాబూ. ముందు తలుపు తెరవాలి. కాలికి నేల తగిలితే దారి వాడే చూసుకుంటాడు.”

“స్ట్రెచర్ మీద ఉన్నవాళ్లయితే?” అన్నాడతను.

“ఆసుపత్రిలో ఏ అంతస్తులో నర్సు ఉండదు చెప్పు?”

గడ్డం ఇంజనీరు తల గోక్కున్నాడు. తనే మౌస్ అందుకుని, అవతలి టీము వైపు నొక్కాడు. ఎరుపు పోయింది. రెండు నమూనాలూ ఒకటయ్యాయి. రెండు రోజుల తర్వాత ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

పెద్దాయన తనకింకా పనుందంటూ సంచీ తగిలించుకుని వెళ్లిపోయాడు. ఆ సంబరంలో ఎవరూ ఆయన పేరడగలేదు. మంచినీళ్లయినా ఇవ్వలేదు.

మధ్యాహ్నం నమూనా ఆసుపత్రికి వెళ్లిపోయింది. లీడర్ హాయిగా ఒళ్లు విరుచుకుంటుంటే ఫోన్ మోగింది. దారిలో రైలు ఆగిపోయిందనీ, ఇంతసేపూ ఫోన్ కలవలేదనీ, రేపు తప్పకుండా వస్తాననీ టూల్ తయారుచేసినాయన నొచ్చుకుంటూ చెప్పాడు.

ఆమె గబగబా కిందికి దిగి, పొద్దున వచ్చిన పెద్దాయన ఎవరని గేటు దగ్గరి వాచ్‌మన్‌ను అడిగింది.

“ఆయన ఇందాకే వెళ్లిపోయాడు మేడమ్. పొద్దున నేను సీట్లో లేకపోతే మన లిఫ్టు మిషన్ గది తాళం కోసం మీ దగ్గరికొచ్చాడట,” అన్నాడతను.

ఊళ్లో ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా, ముప్ఫై ఏళ్లుగా లోపల చిక్కుకున్నవాళ్లను చెయ్యి పట్టుకుని బయటికి తీస్తున్న మెకానిక్ ఆయన.