రేగడికీ తారుకూ

“రెండే చాలు సేటు, ఎనక చక్రాలకు. ముందటివి నడుస్తయి,” అన్నాడు పేతురు.

టైర్ల దుకాణం నాగయ్య వంగి జీపు ముందు చక్రాన్ని అరచేత్తో తడిమాడు. చెయ్యి జర్రున జారింది.

“గివి నడుస్తయా? వీటికంటె నా గుండు నయం.”

పేతురుకు నవ్వు రాలేదు. పొద్దున ఊళ్లో బయలుదేరినవాడు ఉట్నూర్ చేరేలోపు మూడుసార్లు బురదలో దిగబడ్డాడు. రెండుసార్లు ఎడ్లను కట్టి లాగించాడు. మూడోసారి సంతకు పోయేవాళ్లు దయతలచి తోశారు. జీపు పాతదే అయినా ఇంజను మంచిది, నాలుగు చక్రాల గేరు ఇప్పటికీ పడుతుంది. టైర్లే అరిగి నున్నబడ్డాయి. ఎండాకాలమంతా ఎలాగో నెట్టుకొచ్చాడు కానీ జూన్ మొదటి వానకే రేగడి తన బుద్ధి చూపించింది.

“గీ పది దినాల సంది ఉట్నూర్‌ల ఒక్క జీపు కనవడ్తలేదు,” అన్నాడు నాగయ్య. “అందరు చక్రాలు ఇప్పి రాళ్ల మీద నిలవెట్టిండ్రు. నువ్వొక్కనివి కొత్తయి ఏయించుకుంటనంటవేంది పేతురూ?”

“నాకు తప్పదు సేటు. మా ప్రేమమ్మ కాన్పుకొచ్చింది. కడుపుల పిల్ల అడ్డం తిరిగిందట. ఎల్లుండి లోపట నిర్మల్ దవాఖానకు తోల్కపోకుంటె ఇద్దరు దక్కరని నర్సమ్మ చెప్పింది. మా ఊరికి బస్సు రాదాయె. పద్నాలుగు కిలోమీటర్లు ఎడ్లబండి మీద ఏస్కొస్తె గా కుదుపులకే పాణం పోతది.”

ప్రేమమ్మ అతనికి ఒక్కగానొక్క కూతురు.

“మరి ఇయ్యాల్నే తోల్కరావద్దా?”

అడిగింది నాగయ్య కాదు. స్కూటర్ పంక్చర్ వేయించుకోవడానికి వచ్చి, ఇంతసేపూ బల్ల మీద కూర్చుని పేపరు చదువుతున్న కళ్లద్దాల పెద్దమనిషి. లింగారావట, ఊరికి కొత్త.

“గీ టైర్లతోనా సారు? నడిబురదల దిగవడితె బిడ్డ ఆడనే...” అన్నాడు పేతురు.

లింగారావు పేపరు మడిచి పక్కన పెట్టి లేచాడు.

నాగయ్య ముందు రెండు రకాలు దొర్లించుకొచ్చాడు. సన్న గీతలది తారు మీద మెత్తగా పోతుంది కానీ రేగడిలో గీతలు పూడుకుపోయి ఉన్నచోటే తిరుగుతుంది. పెద్ద గట్ల మిలిటరీ రకం ఎంత బురదనైనా తవ్వుకుంటూ పోతుంది, తడిసిన తారు మీద మాత్రం బ్రేకు వేసినా ఆగదు. నిర్మల్ పోవాలంటే కొండదారిలో ఘాటు దిగాలి. ఒకటి కొంటే ఊరు దాటలేడు, ఇంకోటి కొంటే ఘాటు దిగలేడు. పేతురుకు ఏమీ పాలుపోలేదు. చిన్నపిల్లాడిలా ఒకసారి నాగయ్య వైపు, ఒకసారి లింగారావు వైపు చూశాడు.

“మూలకున్న గా టైరు తియ్యుండ్రి,” అన్నాడు లింగారావు. నాగయ్య తెచ్చిన మూడో టైరు గట్లలో వేలు పెట్టి లోతు చూశాడు. “గిది తీస్కో పేతురూ. పక్కలకు గట్లు లోతుగున్నయి, నడుమ ఒత్తుగున్నయి. బురదలనూ పోతది, తారు మీదనూ ఆగుతది. నాలుగూ ఇవ్వే ఏయించు.”

“నాలుగా సారు?”

“రెండేస్తె ఎట్ల? నాలుగు చక్రాల గేరు ఏసినప్పుడు ముందటివి ఒక తీరు, ఎనకటివి ఒక తీరు తిరుగుతయి. వాగు నడుమ గేరు పగిల్తె ఎవర్ని పిలుస్తవ్?”

అది నిజమే. దేవుడే ఈయన్ను పంపాడనుకున్నాడు పేతురు. పత్తి గింజలకని దాచుకున్న పైసలు కూడా తీసి నాగయ్య చేతిలో పెట్టాడు. ఈ ఏడు చేను బీడుపడితే పడనీ, పిల్ల బతికితే అంతే చాలు.

నాగయ్య టైర్లు ఎక్కిస్తున్నంతసేపూ లింగారావు జీపు చుట్టూ తిరిగాడు. లైట్లు వేయించి చూశాడు. సొంత బండి అయినా అంత శ్రద్ధగా చూసుకోరు.

“ఎంతమంది పడ్తరు?”

“ఎనిమిది మంది సారు. ఎనక సీట్లు ఇప్పేస్తె బిడ్డను పండవెట్టొచ్చని చూస్తున్న.”

“సీట్లు ఇప్పకు,” అన్నాడు లింగారావు గబుక్కున. అంతలోనే గొంతు తగ్గించి, “ఉండనియ్యి. నడుమల పరుపు పడ్తది గద,” అన్నాడు.

“గట్లనే సారు.”

“ఒకపాలి నడిపి సూపియ్యి.”

ఇద్దరూ ఎక్కారు. దుకాణం వెనక వాగు గట్టు ఉదయం నుంచీ వానకు నాని, గేదెలు తొక్కి తొక్కి పచ్చడై ఉంది. పేతురు నాలుగు చక్రాల గేరు వేశాడు. జీపు ఒక్కసారి గుర్రుమని, ఎక్కడా జారకుండా గట్టెక్కేసింది. మళ్లీ తారు మీదికి తెచ్చి గట్టిగా బ్రేకు వేస్తే ఎక్కడికక్కడే నిలబడింది. పేతురు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“ఇగ ఫికర్ లేదు సారు. మాపటికల్లా ఊళ్లె ఉంట. రేపు పొద్దుగాల్ల బిడ్డను ఎక్కించుకుంటె పగటాల్లకు దవాఖాన. మీరు లేకుంటె పరేషాన్ అవుదును.”

వద్దంటున్నా వినకుండా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. లింగారావు అతని ముఖం వైపు చూడలేదు. మెల్లగా చేతులు విడిపించుకుని, ఇంజను ఆపి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. దిగి, సంచిలోంచి అచ్చు కాగితం ఒకటి తీసి బానెట్ మీద పరిచాడు. జీపు నంబరు చూసి రాసుకున్నాడు.

“ఏంది సారు గిది?” అన్నాడు పేతురు.

“ఏమనుకోకు పేతురూ, నా నౌకరి గిసుంటిది. జర గీడ సంతకం పెట్టు.”

“ఎందుకు సారు?”

“ఎలక్షన్ అయ్యేదాక జీపు సర్కార్ది.”