సగం ముద్ద

"మీరు చూసుకుంటాండారు కదమ్మా. చూసేవాళ్ళు ఉండే ఇంటికి సర్కారు మనిషిని ఇచ్చేదానికి లేదు" అంటూ ప్రేమ అర్జీని పక్కకు జరిపింది.

అక్కయమ్మకు ఒళ్ళు మండింది. మిట్టేమరి పంచాయితీ ఆఫీసుకు బాగేపల్లి నుంచి ఈ కొత్త మేడమ్ ప్రేమ వస్తుందని తెలిసి, మోకాళ్ళ నొప్పిని కూడా లెక్కచేయకుండా పొద్దున్నే వచ్చి కూర్చుంది. ఒంటరి ముసలివాళ్ళ ఇంటికి రోజూ వచ్చి వండిపెట్టే మనిషిని సర్కారు ఇస్తుందట. ఊరికి ఒక్కరినే. ఆ ఒక్కరు ఎదురింటి గురప్పకు కాక ఇంకెవరికి రావాలి? ఆయనకు పెళ్ళాం బిడ్డలు లేరు, రెండు కళ్ళూ కనబడవు. మూడేళ్ళుగా పూటపూటకూ రాగిముద్ద చేసి తీసుకుపోయి ఆయనకు పెట్టి, పక్కన తనూ ఒక పళ్ళెం పెట్టుకుని కూర్చునేది అక్కయమ్మే. చుట్టరికమా అంటే అదీ లేదు.

"నా ఇష్టంతో నేను చేస్తాండా తల్లీ. నాకు ఇష్టముండాదని సర్కారు తన పని మానుకుంటాదా? రేపు నేను మంచం పడితే ఆయప్ప గతేంది?"

ప్రేమ మాట మార్చి, కళ్ళకు ఆపరేషన్ చేయించకూడదా అని అడిగింది. అదీ అయిందని అక్కయమ్మ ఏకరువు పెట్టింది. ఉగాదికి ముందు ఉచిత శిబిరం వాళ్ళు చిక్కబళ్ళాపురం తీసుకుపోయి చేసి పంపారు. కట్టు విప్పాక కూడా అంతా పొగేనన్నాడు గురప్ప. ఆ దిగులుతో కాబోలు, అప్పటి నుంచి తిండి సగమైంది. సగం ముద్ద తిని, కడుపు నిండిందమ్మా అని పళ్ళెం ఇటు తోస్తాడు. పారేయడానికి మనసు రాక ఆ సగం తనే తినాల్సి వస్తోంది.

ప్రేమ మెత్తబడింది. కానీ అదే వీధి నుంచి పోస్టులో ఇంకో అర్జీ వచ్చిందని, రెండూ చూడాలని ఇంకా విప్పని కవరు ఒకటి బయటికి తీసింది. దాని మీద వీధి పేరు, 'అర్జీ' అన్న మాట తప్ప పంపినవాళ్ళ పేరు లేదు.

అక్కయమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. తమ వీధిలో అందరికీ కొడుకులున్నారు, కోడళ్ళున్నారు. గుడ్డివాడి నోటికాడ కూటికి అడ్డం వచ్చిందెవరు?

"కడుపు నిండినోళ్ళెవరో రాసింటారు. చదువమ్మా, నేనూ వింటా. చదివి కొట్టెయ్యి."

ప్రేమ కవరు చించి చదవసాగింది.

"మేడమ్ గారికి. మా వీధిలో ఒక ఒంటరి ఆడమనిషి ఉండాది. మోకాళ్ళు పోయినాయి, గోడ పట్టుకొని నడుస్తాది. అయినా నాకు ముద్ద తెచ్చేది మానదు. నాకు ఆపరేషన్ అయి చూపొచ్చి ఆరు నెలలాయ. చూపొచ్చిన పొద్దే చూస్తిని. ముద్దంతా నాకే పెట్టి, తాను ఖాళీ పళ్ళెం ముందర పెట్టుకొని తిన్నట్లు చప్పుడు చేస్తాండాది. అప్పట్నుంచీ కనబడనట్లే ఉండి, సగం తిని కడుపు నిండిందంటాండా. చూపొచ్చిందని తెలిస్తే నాకు తెచ్చేది మానేస్తాది, ఆ సగమూ తినదు. మీ మనిషిని ఆమెకు ఇయ్యండి. ఇది నా చేత్తోనే రాస్తాండా. ఈ మాట అక్కయమ్మకు తెలియనియ్యొద్దండి. ఇట్లు, గురప్ప."

ప్రేమ తలెత్తింది. ఎదురుగా కూర్చున్న ఈ పెద్దామె పేరు తాను అడగనేలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అక్కయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరు నెలలుగా చూసే కళ్ళ ముందరే ఉత్త నోరు ఆడించానా అని సిగ్గేసింది. ఆ వెనకే నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత మమకారం పెట్టుకున్నాడు ఈ దొంగ గుడ్డివాడు!

తన అర్జీని తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"దీన్ని కొట్టెయ్యి తల్లీ. ఆ రెండోదే రాసుకో. వచ్చే మనిషి రెండు ముద్దలు చేస్తే చాలు."

ప్రేమ ఫారం నింపసాగింది. 'చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా' అన్న చోట ఆమె పెన్ను కాసేపు ఆగింది. తర్వాత 'లేరు' అని రాసింది.

అక్కయమ్మ గోడ పట్టుకుని లేచి, గడప దాకా పోయి వెనక్కి తిరిగింది.

"తల్లీ, అక్కయమ్మకు తెలిసిపోయిందని గురప్పన్నకు మాత్రం చెప్పొద్దు."